సరుకు చేతికి రాకుండానే అమ్మేస్తున్నావా బేటా?

బేటా, నీ ఇన్‌స్టా పేజీ చూశాను. చీరలు బాగున్నాయి, రేట్లూ పర్వాలేదు. మీ అమ్మే "ఇది హలాలేనా భాయ్" అని ఒకటే టెన్షన్ పడుతోంది. జగదాంబ దగ్గర ఇన్నేళ్లు బట్టల కొట్టు నడిపినవాణ్ని కదా, నాకు తోచింది రాస్తున్నా.

ఫోన్లో అమ్మావా, కొట్లో అమ్మావా అన్నది అసలు గొడవే కాదు. గాజువాక ఆవిడ నీకు డబ్బు పంపేసరికి ఆ చీర నీది కాదు చూడు, అదీ గొడవ. అది సూరత్ గోడౌన్లో ఇంకొకరి సరుకు, ఆమె డబ్బుతోనే కొని అక్కణ్నుంచే ఆమె ఇంటికి పంపిస్తున్నావు. హకీమ్ బిన్ హిజామ్ అనే సహాబీ, అంటే ప్రవక్త (స) సహచరుడు, ఆయన్ని అచ్చం ఇదే అడిగారు, జనం నా దగ్గర లేని సరుకు అడుగుతున్నారు, బజార్లో కొనిచ్చేదా అని. నీ దగ్గర లేనిది అమ్మొద్దు అన్నారు ప్రవక్త (స). నష్టానికి పూచీ పడని సరుకు మీద లాభం తినకూడదని ఇంకో హదీసు, అంటే ప్రవక్త (స) మాట. దారిలో పార్సిల్ పోతే ఎవరి డబ్బు పోతుంది? "నాకేం తెలుసు, సూరత్ వాళ్లనడగండి" అంటావా, అయితే ఆ లాభం నీకెలా వస్తుంది?

అలాగని పేజీ మూసెయ్యక్కర్లేదు. సూరత్ ఆయనతో మాట్లాడుకుని ఆయన ఏజెంటుగా అమ్ము, చీరకింతని కమీషన్ తీసుకో. చీరా ఆయనదే, పూచీ ఆయనదే, నీ కష్టానికి నీ కూలి. దీన్నే వకాలా అంటారు, చేతిలో పెట్టుబడి లేని నీకు ఇదే తేలిక. లేదంటే ముందు ఆర్డరు మాటవరకే రాసుకుని, సరుకు తెప్పించుకుని చేతికొచ్చాక అమ్ము. సలమ్ అని ఇంకో పద్ధతుంది, డబ్బంతా ముందే తీసుకుని రకం, కొలత, ఇచ్చే తేదీ తేల్చుకుని అమ్మడం. దానికి షరతులు చాలా, ధర్మం చెప్పే ముఫ్తీ సాహెబ్‌ని అడక్కుండా ఆ జోలికి పోకు.

ఇక ఆ మెరూన్ చీర ఫొటో. ఫిల్టరు కొట్టి కుంకుమ రంగు చేశావేంట్రా! ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది ప్రవక్తకు (స), తడిసింది జనానికి కనపడేలా పైన పెట్టొచ్చుగా అని ఆ వర్తకుణ్ని నిలదీశారు. కిటికీ దగ్గర వెలుతురులో మళ్లీ తియ్యి, అంచులో పోగు లేచి ఉంటే అదీ చూపించు. "రిటర్న్ లేదు" అన్న లైను కూడా తీసెయ్, చూడకుండా కొన్నవాళ్లకు చూశాక వద్దనే హక్కు మనం పాటించే హనఫీ ఫిఖ్‌లోనే, అంటే ధర్మశాస్త్రంలోనే ఉంది. తిరిగొచ్చే కొరియరు ఖర్చు ఎవరిదో మాత్రం సూరత్ ఆయనతో ఇప్పుడే తేల్చుకుని వాట్సాప్‌లో రాయించుకో.

మీ మామూ