యుద్ధకాలపు పైలట్ గ్లౌజులని కొంటే కొత్తవి వచ్చాయి, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మా నాన్నగారికి ఇద్దామని, పాత మిలిటరీ వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి దగ్గర రాయల్ ఎయిర్‌ఫోర్స్ తోలు గ్లౌజులు 240 పౌండ్లకు క్రెడిట్ కార్డు మీద కొన్నాను. 'ఒరిజినల్, 1941 పాటర్న్' అని రాశారు. అవి వచ్చి ఐదు వారాలైంది. జిప్పు ప్లాస్టిక్‌దని, ఇవి ఈమధ్య కుట్టినవేనని తెలిసినాయన ఒకరు చెప్పారు. వ్యాపారేమో 'వాపసు లేదని ముందే చెప్పాం' అంటున్నాడు. పోనీ, నేనూ ఒరిజినల్ అనే అమ్మేయవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. వద్దండి. ఇప్పుడు మీకు నిజం తెలుసు. తెలిసి కూడా ఒరిజినల్ అని అమ్మితే 2006 ఫ్రాడ్ చట్టం కింద నేరం. 'రీప్రొడక్షన్' అని స్పష్టంగా రాసి అమ్ముకుంటే ఏ తప్పూ లేదు.

ఇక మీ డబ్బు సంగతి. అంతా ఆ ప్రకటనలోని మాటల మీదే ఉంది. '1941 పాటర్న్' అంటే 1941లో తయారైందని కాదు, అది నమూనా పేరు: మణికట్టు మీదుగా ఏటవాలు జిప్పు ఉండే పొడుగు గ్లౌజు. నిన్న కుట్టినదాన్నీ నిజాయితీగానే అలా పిలవచ్చు. ఆ మాట ఒక్కటే ఉంటే మీకు కష్టమయ్యేది. మిమ్మల్ని కాపాడేది పక్కనున్న 'ఒరిజినల్'. ప్రకటన మార్చేయకముందే, ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం వస్తువు చెప్పినట్టే ఉండాలి. 'వాపసు లేదు' అని రాసుకున్నంత మాత్రాన వ్యాపారి దీన్నుంచి తప్పించుకోలేడు. వెంటనే తిరస్కరించే 30 రోజుల గడువు దాటింది, నిజమే. అయినా టెన్షన్ పడకండి. ఇప్పుడు అసలైన జత ఇమ్మని అడగండి. ఇవ్వలేకపోతే తిరస్కరించి డబ్బు అడిగే హక్కు మీకుంది. ఆరు నెలల లోపు కాబట్టి వాడారన్న పేరుతో కోత కూడా పెట్టకూడదు. (అమ్మింది మామూలు వ్యక్తి అయితే ఈ చట్టం వర్తించదు. అప్పుడు 1979 సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం చూడాలి.)

అవి అసలువి కావని చూపించాల్సింది మీరే. జిప్పు ఒక్కటే చాలదు, 'పాతదానికి ఎవరో జిప్పు మార్చారు' అంటాడు. లోపల కిరీటం, ఏఎం అక్షరాలతో ఎయిర్ మినిస్ట్రీ ముద్ర ఉందా చూడండి. కానీ ముద్రనూ కొత్తగా కొట్టవచ్చు, కాబట్టి ఎవరో జిప్పు మార్చి ఉంటే మిగిలే పాత సూది రంధ్రాలు తోలులో ఉన్నాయా, మిగతా కుట్టు దారం పాతకాలపుదా కొత్తదా అన్నది ముఖ్యం. మిలిటరీ వస్తువులు బాగా తెలిసిన వాళ్లతో ఇవన్నీ చూపించి, సంతకంతో రాయించుకోండి. సివిల్ కేసులో నూటికి నూరుపాళ్లు రుజువు అక్కర్లేదు, మీ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువని తేలితే చాలు.

వ్యాపారికి ఈమెయిల్ రాసి 14 రోజులు టైమివ్వండి. పలకకపోతే మీ కార్డు కంపెనీకి (1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని) సెక్షన్ 75 క్లెయిమ్ పెట్టండి. ధర 100 పౌండ్లు దాటింది, 30,000 లోపు ఉంది కనుక వ్యాపారితో పాటు వాళ్లదీ బాధ్యతే. నా మటుకు నేను కోర్టు కంటే ముందు ఈ దారే పట్టమంటాను. అక్కడా తేలకపోతే చిన్న మొత్తాల కేసులకు కోర్టులో స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి ఉంది, 10,000 పౌండ్ల దాకా లాయరు లేకుండానే వేసుకోవచ్చు.

ఈలోగా గ్లౌజులు తొడగకండి, తోలుకు పాలిష్ పట్టించకండి, ఆ జిప్పు మార్పించకండి.