బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ జాడ ఎలా తెలుస్తుంది?

మెదడూ నరాలూ లేని బ్యాక్టీరియాకు మందు వచ్చిపడిన సంగతి ఎలా తెలుస్తుందని అడిగారు. దానితోపాటు, కల్చర్ (రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో 'డి-టెస్ట్ పాజిటివ్' అని రాసి క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎందుకు పక్కన పెడతారని కూడా అడిగారు. ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో ఈ ప్లేట్లు చూడడమే నా ఉద్యోగం కనుక రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

చీములోంచి పెరిగిన స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పరిచి, 15 మైక్రోగ్రాముల ఎరిత్రోమైసిన్ (ఇంకో యాంటీబయాటిక్) ఉన్న కాగితపు బిళ్ళను, అంటే డిస్కునూ, 2 మైక్రోగ్రాముల క్లిండామైసిన్ డిస్కునూ 15 నుంచి 26 మిల్లీమీటర్ల ఎడంలో పెడతాం. మర్నాడు చూస్తే కొన్ని ప్లేట్లలో ఎరిత్రోమైసిన్ పనిచేయలేదని తెలిసిపోతుంది. క్లిండామైసిన్ చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగని వలయం స్పష్టంగా ఉంటుంది, అయితే ఎరిత్రోమైసిన్ వైపున్న అంచు గుండ్రంగా కాక, కత్తితో కోసినట్టు తిన్నగా ఉండి, మొత్తం ఆకారం ఇంగ్లీషు 'డి' అక్షరంలా కనిపిస్తుంది. ఎన్ని ప్లేట్లు చూసినా ఆ తిన్నని అంచు దగ్గర నా చూపు కాసేపు ఆగుతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా మందును పసిగట్టింది సరిగ్గా అక్కడే.

జరిగేది ఇదీ. ఈ బ్యాక్టీరియాలోని 'ఈఆర్ఎం' జన్యువు ఒక ఎంజైమును తయారుచేయగలదు కానీ, మామూలు రోజుల్లో ఆ జన్యువుకు నకలైన ఎంఆర్ఎన్ఎ తన మీదకు తానే మడతపడి, ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోసోమ్ ఎక్కవలసిన చోటు మూసుకుపోయి ఉంటుంది. దానికి ముందు చిన్న పెప్టైడుకు (పొట్టి ప్రోటీను గొలుసుకు) సంబంధించిన భాగం ఉంటుంది. ఎరిత్రోమైసిన్ అతుక్కున్న రైబోసోమ్ ఆ భాగాన్ని చదువుతూ మధ్యలో ఆగిపోతే, మడత మారి, మూసిన చోటు తెరుచుకుంటుంది. డిస్కుకు కొంత దూరంలో మందు మోతాదు తక్కువ కనుక, మందు అంటని రైబోసోములు కొన్ని మిగిలి ఉండి ఎంజైమును తయారుచేస్తాయి. అది కొత్తగా తయారయ్యే రైబోసోముల్లో భాగమైన 23ఎస్ ఆర్ఎన్ఎలో 2058వ స్థానంలోని అడెనిన్‌కు మిథైల్ సమూహాన్ని తగిలిస్తుంది. ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ రెండూ అతుక్కునేది అక్కడే కనుక ఇక రెండూ పట్టు కోల్పోతాయి. క్లిండామైసిన్ సాధారణంగా ఎంజైము తయారీని మొదలుపెట్టే ఈ మీట నొక్కలేదు, అందుకే ఒంటరిగా పెడితే అది బాగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. పక్కన ఎరిత్రోమైసిన్ ఉంటే ఆ వైపు మీట నొక్కుకుని, అక్కడ బ్యాక్టీరియా పెరిగి, వలయం అంచు తిన్నగా మారుతుంది.

అంటే ఇక్కడ బ్యాక్టీరియా గుర్తించింది మందును కాదు, తన యంత్రం ఆగిపోవడాన్ని. అన్ని సందర్భాల్లోనూ ఇలాగే ఉండదు. టెట్రాసైక్లిన్ విషయంలో మందు అణువే నేరుగా 'టెట్ఆర్' అనే ప్రోటీనుకు అతుక్కుని దాన్ని డీఎన్ఎ నుంచి విడిపిస్తుంది, దాంతో మందును బయటికి తోసే పంపు తయారవుతుంది. ఎంటరోబాక్టర్ అనే బ్యాక్టీరియాలోనైతే కణకవచం దెబ్బతిన్నప్పుడు పోగయ్యే ముక్కలే సంకేతమై, పెన్సిలిన్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమైన బీటా లాక్టమేజ్ ఉత్పత్తి పెరుగుతుంది.

దీన్ని ఉత్పరివర్తనతో (మ్యుటేషన్, అంటే జన్యువులోనే వచ్చే మార్పుతో) కలిపేయకండి. మీట నొక్కడం తాత్కాలికమైన స్పందన, మందు పోతే అదీ తగ్గుతుంది. ఉత్పరివర్తన మాత్రం మందు రాకముందే, కోట్ల కణాల్లో ఏ కొన్నింటిలోనో ఉండవచ్చు. డి-టెస్ట్ పాజిటివ్ వచ్చిన చోట మా భయం ఈ రెండోదే: ఆ మడత చెడిపోయి, ఎంజైమును ఎప్పుడూ తయారుచేసే కణాలు క్లిండామైసిన్ వాడుతున్నప్పుడు మిగిలిపోయి, పెరిగి, చికిత్స విఫలం కావచ్చు. అందుకే వలయం ఎంత పెద్దదైనా మేము 'రెసిస్టెంట్' (మందుకు లొంగనిది) అనే రాస్తాం. కొందరు రోగుల్లో ఆ మందు పనిచేయవచ్చన్న గమనిక కూడా జతచేయవచ్చు, వాడాలా వద్దా అన్నది చికిత్స చేసే వైద్యుల నిర్ణయం.