ఫ్యాక్టరీ శుద్ధి చేసిన నీటిని పొలానికి పారించవచ్చా?

ప్రశ్న: పారిశ్రామికవాడను ఆనుకుని మాకు మూడెకరాల నల్లరేగడి పొలం ఉంది. వానాకాలం వరి, యాసంగిలో పాలకూర, కొత్తిమీర వేస్తాం. బోరులో నీరు తగ్గిపోయింది. పక్కనున్న మందుల ఫ్యాక్టరీ వారు శుద్ధి చేసిన నీటిని ఉచితంగా ఇస్తామంటున్నారు. నీరు తేటగానే ఉంది, వాసన లేదు. వాడుకోవచ్చా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: నీరు తేటగా ఉందని నమ్మి నిర్ణయం తీసుకోకండి. కరిగిన ఉప్పు, కాడ్మియం అనే విషలోహం, మందుల అవశేషాలు కంటికి కనిపించవు. శుద్ధికి ముందు ఆ నీరు ఎక్కడిదో మొదట తెలుసుకోండి. క్యాంటీను, మరుగుదొడ్ల మురుగు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం)లోను, మందు తయారీలో రియాక్టర్లు (మందు తయారయ్యే పెద్ద పాత్రలు) కడగగా వచ్చే నీరు ఈటీపీ (పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి కేంద్రం)లోను శుద్ధి అవుతాయి. మీకు ఇస్తామన్నది ఈటీపీ నీరైనా, రెండూ కలిసిన నీరైనా తీసుకోవద్దు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, పటాన్‌చెరు ప్రాంతపు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. అదీ శుద్ధి చేసిన నీరే. మామూలు సాగునీటి పరీక్షలో యాంటీబయాటిక్‌లను చూడరు కనుక, రిపోర్టు బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. పైగా బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమల్లో చాలావాటికి చుక్క వ్యర్థజలం కూడా ఆవరణ దాటకూడదన్న షరతు ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం నకలు అడిగి, బయటి పొలాలకు నీరివ్వవచ్చని అందులో ఉందో లేదో చూసుకోండి.

వేరే పైపులో వచ్చేది ఎస్‌టీపీ నీరేనని రూఢి అయితే, అప్పుడు పరీక్ష చేయించండి. నమూనా ఫ్యాక్టరీ వారు పట్టి ఇచ్చింది కాకుండా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మీరే పట్టాలి. శుభ్రమైన ప్లాస్టిక్ క్యాన్‌ను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపండి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ప్రయోగశాల ఇచ్చిన సీసానే, తొలవకుండా వాడి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. పీహెచ్, ఈసీ (నీటిలో ఎంత ఉప్పుందో తెలిపే విద్యుత్ వాహకత), సోడియం శోషణ నిష్పత్తి (కాల్షియం, మెగ్నీషియంలతో పోలిస్తే సోడియం ఎంతుందో తెలిపే లెక్క), బోరాన్, భార లోహాలు, మల కోలిఫాం (నీటిలో మలం కలిసిందని తెలిపే బ్యాక్టీరియా) చూడమనండి. ఈసీ మీటరుకు 0.7 డెసీసైమన్ల లోపుంటే ఉప్పు భయం లేదు, 3 దాటితే ఆ నీరు వద్దు. కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు.

ఈసీ 0.7కూ 3కూ మధ్యలో ఉన్న నీటితోనే రైతులు మోసపోతారు. ఈసీ 1.5 ఉన్న నీటిలో లీటరుకు దాదాపు గ్రాము ఉప్పు ఉంటుంది. ఎకరంలో ఒక సెంటీమీటరు నీరు పెట్టడమంటే సుమారు 40 వేల లీటర్లు, అంటే 40 కిలోల ఉప్పు. సీజన్‌లో 50 సెంటీమీటర్లు పారిస్తే ఎకరానికి 2 టన్నులు చేరుతుంది. నీరు త్వరగా ఇంకని నల్లరేగడిలో అది అడుగుకు దిగిపోదు. ప్రతి సీజన్ తర్వాత చింతగింజంత ఎండుమట్టి పెళ్లను గ్లాసెడు వాననీటిలో కదపకుండా ఉంచి మర్నాడు చూడండి. చుట్టూ నీరు మబ్బుపట్టి తేరుకోకుంటే సోడియం ఎక్కుతోందని అనుమానించి మట్టి పరీక్ష చేయించాలి. సోడియాన్ని వదిలించే జిప్సం ఎంత వేయాలో ఆ ఫలితాన్ని బట్టే తేల్చాలి.

ఈ నీటిలో నత్రజని కూడా ఉంటుంది. లీటరుకు 20 మిల్లీగ్రాములుంటే, అదే 50 సెంటీమీటర్ల నీటితో ఎకరానికి 40 కిలోలు, అంటే దాదాపు రెండు బస్తాల యూరియా పడినట్లే. ఆ మేరకు యూరియా తగ్గించకపోతే వరి పడిపోతుంది, దోమపోటు పెరుగుతుంది.

పాలకూర, కొత్తిమీరలకు ఈ నీరు పారించకండి. కొత్తిమీరను పచ్చిగానే తింటాం. పాలకూర కాడ్మియాన్ని ఆకుల్లోకి సులువుగా లాగుతుంది. వరి విషయంలో, గింజకంటే నాట్లు వేసే ఆడవాళ్ల గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. వారు గంటల తరబడి ఆ నీటిలోనే వట్టి కాళ్లతో నిలబడతారు. చర్మవ్యాధులు, కొంకిపురుగు అంటుకునేది అక్కడే. అందుచేత ఈ నీరు పడే చెక్కలో పత్తి గాని, సుబాబుల్ గాని వేసి, స్ప్రింక్లర్ కాకుండా ఫిల్టర్ బిగించిన డ్రిప్‌తో ఇవ్వండి. పశువులను ఆ నీరు నిలవ చేసే తొట్టి దగ్గరికి పోనివ్వకండి.

బోరులో మిగిలిన కొద్దిపాటి నీటిని ఆకుకూరలకే ఉంచుకోండి. రెండు పైపులను ఎక్కడా కలపకుండా, ఫ్యాక్టరీ నీటి పైపుకు వేరే రంగు వేయించండి.