పులుపు ముందు పడితే పప్పు ఎందుకు ఉడకదు?

ప్రశ్న: కందిపప్పు సగం ఉడికాక చింతపండు రసం పోస్తే, ఆ తరువాత ఎంతసేపు మరిగించినా బద్ద మెత్తబడడం లేదు. పప్పు మెదిగాకే పులుపు వేయాలని మా అత్తగారు అంటారు. బోరు నీళ్లతో వండితే ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చిటికెడు వంటసోడా వేయమని పక్కింటివారి సలహా. వేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీ అత్తగారి మాట అక్షరాలా నిజం. పప్పుబద్దలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని పెక్టిన్ అంటారు. మరిగే నీటిలో అది కొద్దికొద్దిగా కరిగి, కణాలు విడివడితేనే బద్ద మెదుగుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, మామిడికాయలోనూ టమాటాలోనూ సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు ఉంటాయి. అవి చేరిన నీటిలో పెక్టిన్ విడిపోవడం బాగా మందగిస్తుంది గనుక, అంతవరకు ఉడికిన బద్ద ఆ స్థితిలోనే నిలిచిపోతుంది. పులుసులో బెండకాయ ముక్క చెదరకుండా ఉండేదీ ఈ గుణం వల్లనే కాబట్టి, దీనిని దోషమనడానికి నాకు మనసొప్పదు. ఎప్పుడు వేయాలో తెలిసి వేస్తే పులుపు వంటకు మేలే చేస్తుంది.

బోరు నీటి సంగతి వేరు. కఠిన జలంలోని కాల్షియం పెక్టిన్ పోగుల మధ్య వంతెనలా చేరి, వాటిని మరింత గట్టిగా బిగిస్తుంది.

ఇక సోడా క్షారం. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ మానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ ప్రవేశపెట్టారు. అందులో 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. ఒక్కొక్క అంకెకు పది రెట్ల తేడా. నిమ్మరసం 2కు కాస్త అటూ ఇటూగా ఉంటే, వంటసోడా కలిపిన నీరు 8 దాటుతుంది. క్షారంలో పెక్టిన్ త్వరగా తెగిపోతుంది కాబట్టి పప్పు తొందరగా ఉడికే మాట వాస్తవమే. అయితే పప్పులోని బి1 విటమిన్, అంటే థయామిన్, క్షారంలో వేడి తగిలితే నశిస్తుంది. సోడా ఏమాత్రం ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. పప్పును ముందుగా నానబెట్టి, వీలైతే మంచినీళ్లతో ఉడికించి, మెదిపిన తరువాతనే పులుపు కలపండి. సోడా అవసరమే రాదు.

ప్రశ్న: తెల్లచీరపై పడిన పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడింది. చీర పాడైనట్టేనా?
— మరొక పాఠకురాలు, వరంగల్

జవాబు: పాడు కాలేదు. పసుపులోని కర్‌క్యుమిన్ ఆమ్లంలో పసుపుపచ్చగానే ఉండి, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బు క్షారమే. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు మీరు చూసే ఎరుపూ ఇదే. ఆ మరకపై నిమ్మరసం పిండితే తిరిగి పసుపురంగుకు వస్తుంది గాని, మరక మాత్రం పోదు. సబ్బంతా పోయేలా జాడించి చీరను ఎండలో ఆరవేయండి. కర్‌క్యుమిన్ వెలుతురుకు నిలవదు గనుక ఒకటి రెండు ఎండలకు మరక చాలావరకు వెలిసిపోతుంది.