యాన్యువల్‌కి ఇచ్చిన విమానాన్ని షాపువాళ్లు ఆపేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మేం డాలస్ దగ్గర ఉంటాం. నాకు గ్రీన్ కార్డు ఉంది. నేనూ ఒక స్నేహితుడూ చెరి సగం వేసుకుని పాత సెస్నా 172 చిన్న విమానం కొన్నాం. దాన్ని యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ (ఏటా చేయించాల్సిన తనిఖీ) కోసం మా ఎయిర్‌పోర్టులోనే ఉన్న షాపుకి ఇచ్చాను. ఫ్లాట్ రేటు 2,400 డాలర్లని ఫోన్లో చెప్పారు. ఆరు వారాల తర్వాత 14,600 డాలర్ల బిల్లు వచ్చింది. రెండు సిలిండర్లు మార్చామనీ, మ్యాగ్నెటోలు (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే భాగాలు) విప్పి సర్వీస్ చేయించామనీ, 'మాండేటరీ' సర్వీస్ బులెటిన్ల ప్రకారం మరికొన్ని పనులు చేశామనీ అంటున్నారు. వీటిలో దేనికీ నన్ను ముందుగా అడగలేదు. నోస్ గేర్ (ముందు చక్రం) పని ఇంకా ఉందట. అదీ వాళ్ల దగ్గరే చేయించాలట, లేకపోతే యాన్యువల్ సంతకం పెట్టరట. ఇంజిన్ ఆన్ చేసి చూస్తే కొత్త సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతోంది. మొత్తం కట్టేదాకా విమానం కదలదన్నారు. నా దగ్గర రెండో తాళం ఉంది, వెళ్లి తెచ్చుకోవచ్చా? స్నేహితుడు హెచ్1బి మీద ఉన్నాడు, అందుకని రిజిస్ట్రేషన్ నా పేరు మీదే ఉంది. కేసు వేస్తే అతని పేరు కూడా పెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ రెండో తాళాన్ని ఇంట్లోనే ఉంచండి. మెకానిక్ పని చేసిన విమానాన్ని, లాగ్‌బుక్‌లో ఎంట్రీ రాసి, తిరిగి ఎగరడానికి తగినదని సంతకం పెట్టేదాకా ఎగరేయకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధన 91.407 చెబుతుంది. మీరు తెచ్చుకున్న రోజున షాపువాళ్ల తప్పు పక్కకుపోయి మీ పైలట్ సర్టిఫికెట్ చర్చకొస్తుంది. పైగా ఆయిల్ కారుతున్న ఇంజిన్. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది కూడా ఆ సంతకం గురించే.

విమానాన్ని ఆపుకునే హక్కు వాళ్లకుందా? టెక్సస్‌లో ఉంది. ఇక్కడి ప్రాపర్టీ కోడ్ 70వ అధ్యాయం విమానాన్ని రిపేర్ చేసినవాళ్లకు, మెయింటెనెన్స్ చేసినవాళ్లకు, తమ దగ్గర నిలిపి ఉంచినవాళ్లకు, ఇంధనం పోసినవాళ్లకు దానిమీద లీన్, అంటే బాకీ తీరేదాకా ఉండే హక్కు, ఇచ్చింది. అయితే ఆ లీన్ ఎంతకు అన్నదే అసలు సంగతి. ఒప్పందంలో మొత్తం ఉంటే ఆ మొత్తానికి, లేకపోతే ఆ పనికి మామూలుగా తీసుకునే న్యాయమైన మొత్తానికి మాత్రమే. బిల్లు మీద ఏ అంకె రాస్తే ఆ అంకెకు కాదు.

ఫోన్లో కుదిరిన మాట కూడా ఒప్పందమే. కానీ రుజువు కావాలి. ఆ ఫోన్ తర్వాత ఏ ఈమెయిల్‌లోనైనా, టెక్స్ట్‌లోనైనా 2,400 అనే మాట ఉందేమో వెతకండి. 'సిలిండర్లు బాగోలేవు' అని వాళ్లు అంటే మీరు 'ఓకే' అని పంపిన మెసేజ్ ఉందేమో కూడా నిజాయితీగా చూసుకోండి. అలాంటిది ఉంటే అది నాకు ముందే తెలియాలి. నిజంగానే అడగకుండా చేసుంటే ఆ పనికి డబ్బు అడగడానికి వాళ్లకు ఒప్పందం అండ లేదు. అయినా 'చెప్పకుండా చేశారు కాబట్టి ఒక్క డాలరు కూడా ఇవ్వను' అని కూర్చోవడం మంచిది కాదు. కొత్త సిలిండర్లు ఇప్పుడు మీ ఇంజిన్‌లోనే ఉన్నాయి. ఆ లాభం మీకు దక్కింది కాబట్టి అందుకు సరైన విలువ ఇవ్వమని కోర్టు అనే అవకాశం ఉంది.

ఇక యాన్యువల్ విషయం. మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే, చాలామంది ఓనర్లకు ఇది తెలియదు. యాన్యువల్ అంటే తనిఖీ. రిపేరు వేరు, తనిఖీ వేరు. షాపులు రెండింటినీ ఒకే బిల్లులో కలిపేయడం వల్ల ఓనర్లకు అంతా ఒకటే పనిలా కనిపిస్తుంది. తనిఖీ చేసే ఐఏకి, అంటే ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ ఉన్న మెకానిక్‌కి, విమానం ఎగరడానికి తగదు అనిపిస్తే ఏం చేయాలో ఎఫ్ఏఏ నిబంధన 43.11 స్పష్టంగా చెబుతుంది. తనిఖీ పూర్తయిందనీ, విమానం తగినట్టు లేదనీ లాగ్‌బుక్‌లో రాయాలి. లోపాల జాబితాను సంతకంతో, తేదీతో ఓనరుకి ఇవ్వాలి. అంతటితో ఆ యాన్యువల్ ముగిసినట్టే. ఆ లోపాలను 'ఏ అండ్ పీ' (విమానం బాడీ, ఇంజిన్ రెండింటికీ) సర్టిఫికెట్ ఉన్న ఏ మెకానిక్ చేతనైనా సరిచేయించి, అతనితో ఎంట్రీ రాయించుకుంటే విమానం ఎగురుతుంది. మళ్లీ యాన్యువల్ చేయించక్కర్లేదు. లోపాలున్నా సురక్షితంగా ఎగరగల స్థితిలో ఉంటే, వేరే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి బాగు చేయించడానికి ఎఫ్ఏఏ స్థానిక ఆఫీసు నుంచి ఫెర్రీ పర్మిట్ (ఆ ప్రయాణానికి మాత్రమే ఇచ్చే అనుమతి) కూడా అడగవచ్చు.

కాబట్టి 'నోస్ గేర్ మా దగ్గరే చేయించాలి' అన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. ఈరోజే ఒక ఈమెయిల్ పంపండి. 'ఇకపై ఏ రిపేరుకూ నా అనుమతి లేదు. తనిఖీని ముగించి, 43.11 ప్రకారం లోపాల జాబితా సంతకం చేసి ఇవ్వండి' అని రెండు వాక్యాలు చాలు. కోపం చూపించకండి, ఆ ఈమెయిల్ రేపు జడ్జి చదువుతారు. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత ఓనరుదే అని 91.403 అంటుంది. బాధ్యత మీ మీద పెట్టిన నిబంధనలు, ఏ పని ఎవరితో చేయించాలో ఎంచుకునే అధికారాన్ని కూడా మీ దగ్గరే ఉంచాయి.

'మాండేటరీ' అనే మాట చూసి బెదిరిపోకండి. ఆ పేరుతో తయారీ కంపెనీ పంపే సర్వీస్ బులెటిన్, మీలా సొంతానికి పార్ట్ 91 కింద ఎగిరేవాళ్లకు సాధారణంగా చట్టరీత్యా తప్పనిసరి కాదు. ఎఫ్ఏఏ జారీ చేసే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, అంటే ఏడీ, తప్పనిసరి. మీ సెస్నాల్లో సీటు జరిగే పట్టాల (సీట్ రైల్) తనిఖీ అలాంటిది. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి కంపెనీ చెప్పే గంటలూ మీకు సలహా మాత్రమే. అలాగని మ్యాగ్నెటోలను అశ్రద్ధ చేయమని నేను అనను. గాల్లో మీ వెనక సీట్లో మీ పిల్లలుంటారు. చేయించండి, కానీ నిర్ణయం మీదై ఉండాలి. బిల్లులో ప్రతి లైను ఎదురుగా 'ఇది ఏడీనా, బులెటినా, తనిఖీలో దొరికిన లోపమా?' అని రాసి జవాబు అడగండి. అక్కడే చాలా బిల్లులు చిన్నవవుతాయి.

సిలిండర్ల మీద ఇంకాస్త నిలదీయండి. వేడి ఇంజిన్ మీద కంప్రెషన్, అంటే సిలిండర్ గాలి ఒత్తిడిని ఎంతవరకు నిలుపుకుంటోందన్న కొలత, ఎంత వచ్చింది? 80కి 60 కంటే తక్కువైతే సిలిండర్ గురించి ఆలోచించాలన్నది వాడుకలో ఉన్న కొలత. 70 వచ్చిన సిలిండర్ పీకేశారంటే కారణం చూపించాలి. బోరోస్కోప్ (సిలిండర్ లోపల చూసే సన్నని కెమెరా) ఫొటోలు అడగండి. పాత సిలిండర్లు ఎక్కడున్నాయో కూడా అడగండి. వాటికి కోర్ విలువ, అంటే పాత భాగం తిరిగి ఇస్తే వచ్చే విలువ, ఉంటుంది. షాపు వాటిని పార్ట్స్ కంపెనీకి తిప్పి పంపి క్రెడిట్ తీసుకుని, ఆ క్రెడిట్ మీ బిల్లులో చూపించకపోతే అది కూడా మీకు రావలసిన డబ్బే. ఇంకా షాపులోనే ఉంటే పారేయవద్దని రాతపూర్వకంగా చెప్పండి. కేసులో అవే సాక్ష్యం.

ఆయిల్ కారడం గురించి మీకు బలమైన హక్కు ఉంది. వస్తువును రిపేరు చేసేవాళ్లు పని తెలిసినవాళ్లు చేసినట్టు సవ్యంగా చేయాలన్న వారంటీ, ఎవరూ నోటితో చెప్పకపోయినా ఉన్నట్టేనని టెక్సస్ సుప్రీం కోర్టు 1987లో మెలొడీ హోమ్ కేసులో తేల్చింది. లీకు వీడియో తీసి, సరిచేయడానికి వాళ్లకు ఒక అవకాశం ఇస్తూ రాయండి. అవకాశమే ఇవ్వకుండా ఇంకో షాపుకి డబ్బు పోస్తే ఆ డబ్బు రాబట్టడం కష్టమవుతుంది.

డబ్బు సంగతికి వస్తే, వివాదం లేని 2,400ని వెంటనే కట్టేయండి. మిగతాదానికి మొదట లైను లైనుగా బేరం. వాళ్లు దిగిరాక, విమానం అత్యవసరమైతే 'అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి అడిగే హక్కు వదులుకోవడం లేదు' అని రాసిచ్చి కట్టే దారి ఉంది. ఇది పూర్తి రక్షణ అని చెప్పలేను. ఇష్టపూర్వకంగా కట్టిన డబ్బు తిరిగి రాదని వాళ్ల లాయరు వాదిస్తాడు. కానీ ఆ కాగితం లేకుండా కట్టడం కంటే చాలా మేలు. 'లెక్క సెటిలైంది' అన్న ఏ రసీదు మీదా సంతకం పెట్టకండి. కోర్టులో బాండు కట్టి, సీక్వెస్ట్రేషన్ (కోర్టు ఆదేశంతో స్వాధీనం) కింద విమానాన్ని ముందే విడిపించుకునే మార్గం కూడా ఉంది, ఖర్చు మాత్రం ఎక్కువ.

మీ వివాదం 20,000 డాలర్ల లోపే కాబట్టి చిన్న మొత్తాల కేసులు చూసే జస్టిస్ కోర్టు సరిపోతుంది. మోసపూరిత వ్యాపార పద్ధతుల మీద టెక్సస్ చట్టం, డీటీపీఏ, కింద వెళ్లాలంటే కేసుకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తెలిసి చేశారని రుజువైతే నష్టానికి మూడు రెట్ల దాకా రావచ్చు. ఆధారం లేకుండా వేశారని తేలితే వాళ్ల లాయరు ఫీజు మీ మీద పడుతుంది. అందుకే ఆ మూడు రెట్ల మాట విని ఉత్సాహపడవద్దు. ఈలోగా వాళ్లు ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో లీన్ నమోదు చేయవచ్చు. పని పూర్తయిన 180 రోజుల లోపు చేయాలి. నమోదైతే రేపు అమ్మేటప్పుడు టైటిల్ సెర్చ్‌లో బయటపడుతుంది కాబట్టి రాజీ కుదిరిన రోజే లీన్ రిలీజ్ కాగితం కూడా చేతికి తీసుకోండి.

ఎఫ్ఏఏ బిల్లుల తగాదాలు తీర్చదు. చేయని పని చేసినట్టు లాగ్‌బుక్‌లో రాస్తే అది వాళ్ల పరిధి. అయితే 'బిల్లు తగ్గించకపోతే ఎఫ్ఏఏకి చెబుతా' అని ఎక్కడా రాయకండి. ఫిర్యాదు చేయాల్సినంత తప్పు ఉంటే చేయండి, దాన్ని బేరానికి వాడకండి.

ఇక మీ స్నేహితుడి విషయం. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అమెరికాలో విమానం రిజిస్టర్ కావాలంటే ఓనరు పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవారో కావాలి. హెచ్1బి సరిపోదు. సగం విమానం నిజంగా ఆయనదే అయితే, కాగితం మీద మీ పేరు ఒక్కటే ఉన్నా, ఆ రిజిస్ట్రేషన్ చెల్లుతుందా అన్న ప్రశ్న వస్తుంది. మీరు కేసు వేశాక ఎదుటి లాయరు 'కొన్నప్పుడు డబ్బు ఎవరెవరు పెట్టారు?' అని అడిగితే ప్రమాణం చేసి నిజం చెప్పాలి. ఇన్సూరెన్స్ దగ్గరా ఇదే చిక్కు. ఆయన ఇచ్చింది అప్పా, వాటానా? మీ మధ్య ఏ కాగితం ఉంది? అర్హత ఉన్న ట్రస్టీ పేరు మీద ట్రస్టు పెట్టుకునే దారి ఉంది, దానికీ షరతులున్నాయి. జరిగిన వాటాను ఇప్పుడు వెనక తేదీతో అప్పుగా మార్చి రాసుకోవద్దు. కొన్నప్పటి బిల్ ఆఫ్ సేల్, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ల కాపీలు తీసుకుని, షాపుకి డిమాండ్ నోటీసు పంపే ముందే విమానయాన రిజిస్ట్రేషన్లు చూసే లాయర్‌ని మీరిద్దరూ కలిసి కలవండి.