స్ట్రోక్ తర్వాత అమ్మకి మాట రావట్లేదు, పాట మాత్రం వస్తోంది. దీంతో మాట తెప్పించవచ్చా?

టీవీలో భక్తి పాట వస్తే అమ్మగారు పదాలతో సహా కలిపి పాడుతున్నారు, మామూలుగా మాత్రం ఒక్క మాటా రావట్లేదు, ఇది మంచి సూచనేనా అని అడిగారు. మంచిదేనండి. మా నాన్నకీ అచ్చం ఇలాగే ఉండేది. కానీ పాటలు పెట్టి వదిలేస్తే మాట దానంతట అదే రాదు. రోజూ అవసరమయ్యే మాటలకి మనమే రాగం కట్టి పలికించాలి.

చాలామందిలో మాట్లాడే పని మెదడు ఎడమవైపు భాగానిది. అక్కడ దెబ్బ తగిలితే కుడి కాలు, కుడి చెయ్యితో పాటు మాటా పడిపోవచ్చు. పాడేటప్పుడు కుడివైపు భాగం కూడా బాగా పని చేస్తుంది, అందుకే చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పాటలు నిలుస్తాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, వారాల పేర్లు కూడా కొందరికి ఇలాగే వస్తాయి. దీన్ని ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ.

నాన్న మా ఊరి రామాలయంలో శనివారం భజనకి చిడతలు పట్టేవారు. స్ట్రోక్ వచ్చాక "అది... అది..." తప్ప నోట ఏమీ వచ్చేది కాదు. మాకు అర్థం కాకపోతే కోపం, వెంటనే ఏడుపు. అలాంటి మనిషి భజన పాట ఎత్తుకుంటే చరణం చివరిదాకా తప్పు లేకుండా పాడేవారు. స్పీచ్ థెరపిస్ట్ అది చూసి ఈ పద్ధతి మాకు నేర్పించింది.

"మంచినీళ్లు కావాలి" అనే మాట తీసుకోండి. ఒక పై స్వరం, ఒక కింది స్వరం, రెండు చాలు. నాన్న ఎడమ చెయ్యి పట్టుకుని మం, చి, నీ, ళ్లు అని అక్షరానికో దెబ్బ బల్ల మీద తట్టించేవాళ్లం. ముందు నోరు మూసి కూనిరాగం, తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత మధ్యలో నేను గొంతు తగ్గించేసేదాన్ని, ఆయన పూర్తిచేసేవారు. చివర్లో "ఏం కావాలి నాన్నా?" అని అడిగితే జవాబుగా అదే మాట. అది కుదిరాక రాగం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాం. బల్ల తట్టడం విసుగనిపించినప్పుడు ఎడమ చేతికి చిడతలు ఇచ్చేవాళ్లం, మొహం వెలిగిపోయేది.

తొందరపడకండి, మాకు నెలలు పట్టింది. ఓ రోజు పొద్దున వంటింట్లో ఉన్న అమ్మతో రాగం లేకుండా "కాఫీ ఇవ్వు" అన్నారు. అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి మళ్లీ అనమంది. అన్నారు. ఇప్పటికీ పొడుగు వాక్యాలు రావు, కానీ ఆకలి, నొప్పి, ఫ్యాన్, బాత్రూమ్ అన్నీ చెప్పగలరు. ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది.

ఇది అందరికీ పనికిరాదు. మనం చెప్పేది అర్థమవుతూ, తిరిగి చెప్పడానికే మాట రానివాళ్లకి బాగా పనిచేస్తుంది. ఎదుటివాళ్ల మాటే అర్థం కానివాళ్లకి దీనివల్ల ఉపయోగం తక్కువ. మీ అమ్మగారిది ఏ రకమో స్పీచ్ థెరపిస్ట్ పరీక్షించి చెప్పాలి.

ఉత్తినే పాటలు వినడం కూడా దండగ కాదు. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన కొత్తలో తమకు నచ్చిన పాటలు రోజూ విన్నవాళ్లకి, ఆడియో పుస్తకాలు విన్నవాళ్లకంటే, మాటలకు సంబంధించిన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగ్గా కోలుకున్నాయి. నచ్చిన పాటలు అన్నది ముఖ్యం. మీకు ఇష్టమైనవి కాదు, అమ్మగారు వయసులో ఉన్నప్పుడు పాడుకున్నవి వెతకండి.

చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, ఒక పాట పాడు" అని మాత్రం అడగొద్దు. నాన్న అలాంటప్పుడు బిగుసుకుపోయేవారు, తర్వాత రోజంతా నోరు విప్పేవారు కాదు. అలసిపోతే ఆపేయండి. ముందుగా ఆవిడకి రోజూ కావాల్సిన నాలుగైదు మాటలు రాసుకుని థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, రాగం ఎలా కట్టాలో అమ్మగారి ఎదురుగానే చేసి చూపిస్తారు.