ఆడియోగ్రామ్ నార్మల్, అయినా మాట అందడం లేదు

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఐదు నెలల క్రితం బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. మనిషి కోలుకున్నారు. ఆడియోగ్రామ్ నార్మల్ అన్నారు. కానీ నలుగురిలో కూర్చుంటే మాటలు అందడం లేదంటున్నారు. ‘వచ్చాడు’ అన్నా, ‘వచ్చాడు?’ అన్నా ఒకేలా వినిపిస్తోందట. తెలిసిన పాట బాణీ కూడా పోల్చుకోలేకపోతున్నారు. వినికిడి యంత్రం పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడి యంత్రం కొనకండమ్మా. 250 నుంచి 8000 హెర్ట్జ్ (స్వరం శ్రుతిని కొలిచే లెక్క) దాకా ఒక్కో స్వరం ఎంత సన్నగా ఉన్నా చెవిన పడుతోందా అన్నదే ఆడియోగ్రామ్ చూస్తుంది. ఏ స్వరం ముందు, ఏది వెనక, ఏ స్వరం శ్రుతి హెచ్చు, ఏది తగ్గు అని పోల్చుకోవడం మెదడు పని. తల విసురుగా ఊగినప్పుడు మెదడులో చెవుల పక్కనుండే టెంపొరల్ భాగాలు పుర్రె ఎముకకు ఒరుసుకుంటాయి. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కెలోసమ్‌లో నరాల పోగులు సాగి దెబ్బతింటాయి. ఇబ్బంది అక్కడుంటే, యంత్రం శబ్దం పెంచినకొద్దీ చుట్టూ ఉన్న గోలా పెరుగుతుంది.

ఆడియాలజిస్టును (వినికిడి పరీక్షలు చేసే నిపుణుణ్ని) ‘ఫ్రీక్వెన్సీ ప్యాటర్న్ టెస్ట్’ అని పేరు పెట్టి అడగండి. అందులో మామూలుగా తగ్గు స్వరం 880 హెర్ట్జ్, హెచ్చు స్వరం 1122. ఒక్కోటి 150 మిల్లీసెకన్లు, నడుమ 200 మిల్లీసెకన్ల ఖాళీ. మూడేసి స్వరాల వరసలు ఆరు రకాలు, మార్చి మార్చి వినిపిస్తారు. విన్నదాన్ని ‘హెచ్చు, తగ్గు, హెచ్చు’ అని చెప్పించాలి, తర్వాత కూనిరాగంగా తీయించాలి. ఈ రెండోది వదిలేస్తే సగం విషయం తెలియకుండా పోతుంది. కూనిరాగం సరిగ్గా తీసి మాటల్లో తడబడితే, కుడి సగం పట్టుకున్న వరస దానికి పేరు పెట్టే ఎడమ సగానికి చేరడం లేదని అనుమానించాలి. రెండూ తప్పితే వరసే అందడం లేదేమో చూడాలి. అలసట, మగత తెచ్చే మందులు, నిలవని ధ్యాస కూడా మార్కులు తగ్గిస్తాయి. అందుకే పొద్దున్నే వెళ్లండి, వాడే మందుల చీటీ చూపించండి. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గానీ, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో గానీ వాకబు చేయండి.

ఇంట్లో సాధనకు హార్మోనియమైనా ఫోన్‌లో కీబోర్డైనా చాలు. మెట్లు కనబడకుండా ఆయన్ను అటు తిప్పి కూర్చోబెట్టండి. మొదట సా, పై సా రెండే వాయించి, ఏది హెచ్చో ఏది తగ్గో చెప్పమనండి. పదింటిలో ఎనిమిది సరిగ్గా చెప్పాక సా-పా, ఆ తర్వాత సా-గా. అప్పుడే మూడు స్వరాలకు వెళ్లాలి. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు. తల బరువెక్కితే ఆపేయండి.

మాట్లాడేముందు టీవీ, మిక్సీ కట్టేసి, పేరు పెట్టి పిలిచి, ఆయన మీ వైపు తిరిగాకే మొదలుపెట్టండి. గొంతు పెంచక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ‘వచ్చాడు?’ అని గొంతు సాగదీయడం మాని ‘వచ్చాడా?’ అని అడగండి. ఆ దీర్ఘం ఉంటే, గొంతు ఎగసిందో లేదో పోల్చుకునే పని ఆయనకు తప్పుతుంది.